35 వేల లెక్క: సర్కారు ఇచ్చే ఫీజు, కాలేజీ అడిగే ఫీజు

మా మేనమామ కొడుక్కి పోయినేడాది తెలంగాణ ఎప్‌సెట్‌లో 14 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. (ఊళ్ళో ఇంకా ఎవరూ ఎప్‌సెట్ అనరు, ఎంసెట్ అనే అంటారు. నేనూ అంతే.) ఆప్షన్లు పెట్టే ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. "బావా, ఫలానా కాలేజీలో సీఎస్ఈ వచ్చేలా ఉందంట. ఫీజు లక్షా పది వేలు అని ఉంది గానీ మనకు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, కట్టేదేం ఉండదు కదా?" వాళ్ళు బీసీలు, ఊళ్ళో ఉంటారు, ఆదాయం సర్టిఫికెట్ లక్షన్నర లోపే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ర్యాంకు మాత్రం పది వేలు దాటింది. "సర్కారు ఇచ్చేది 35 వేలేరా, మిగతా 75 వేలు మీరే కట్టుకోవాలి, అదీ ప్రతి ఏడూ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మామ ఫోన్ తీసుకుని "మరి ఫ్రీ అన్నారు గదరా అల్లుడూ" అన్నాడు.

మామకు ఆ రాత్రి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది అరగంటలో తెగే లెక్క కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద, అంటే పేద పిల్లల కాలేజీ ఫీజు సర్కారు కట్టే పథకం మీద, మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఆ పథకం వల్లే ప్రైవేటు కాలేజీలు ఫీజులు పెంచేశాయని, సర్కారు డబ్బంతా యాజమాన్యాల జేబుల్లోకి పోయిందని కొందరు. అది లేకపోతే కూలి పనికి పోయే వాళ్ళ పిల్లలు ఇంజనీర్లు అయ్యేవాళ్ళా అని ఇంకొందరు. రెండో మాట నిజం, నా క్లాస్‌మేట్లలోనే పది మందిని చూపిస్తాను. మొదటిదాన్లోనూ నిజం ఉంది, కాకపోతే అది జనం అనుకునే చోట లేదు. ఫీజు అంకె ఒక్కటే చూస్తే ఈ పథకం ఏం చేసిందో అర్థం కాదు. బీదింటి పిల్లాడి చదువు ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతోందో చూస్తేనే అర్థమవుతుంది.

సర్కారు డబ్బు ప్రైవేటు కాలేజీలకు వెళ్ళడం 2008లో మొదలైందేమీ కాదు. అంతకు ముందు నుంచీ ఎయిడెడ్ కాలేజీలు ఉన్నాయి. ఊరి పెద్దలో, ఒక ట్రస్టో, మిషనరీ సంస్థో స్థలమిచ్చి బిల్డింగు కట్టేది, లెక్చరర్ల జీతాలు మాత్రం ట్రెజరీ నుంచి వచ్చేవి. కాలేజీ ఖర్చుల్లో పెద్దది జీతాలే కాబట్టి, ఆ బరువు దిగిపోయాక ఫీజు వందల్లో ఉన్నా నడిచిపోయేది. అందులో సర్కారు డబ్బు లెక్చరర్ పోస్టుకు ముడిపడి ఉండేది, క్లాసులో పిల్లలు వంద మంది ఉన్నా నూట ఇరవై మంది ఉన్నా ఇచ్చే మొత్తం మారేది కాదు. కాబట్టి పిల్లల్ని వెతుక్కుంటూ ఊళ్ళ మీద పడాల్సిన అవసరం కాలేజీకి ఉండేది కాదు. తర్వాత్తర్వాత రిటైరైన వాళ్ళ పోస్టులు నింపడం మానేశారు, అదే కాంపౌండులో అన్‌ఎయిడెడ్ సెక్షన్లు తెరిచారు, ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళిన ఇద్దరు పిల్లలు రెండు రకాల ఫీజులు కట్టడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆ మిగిలిన ఎయిడ్‌ను కూడా వదులుకొమ్మని ప్రభుత్వం యాజమాన్యాలను అడిగింది. ఎయిడ్ పోతే ఫీజులు పెరుగుతాయన్న భయంతో ఆ నవంబరులో అనంతపురంలో విద్యార్థులు రోడ్డెక్కితే లాఠీచార్జి జరిగింది, కొద్ది రోజులకే కావాలంటే అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని సర్కారు చెప్పాల్సి వచ్చింది.

ఇంజనీరింగ్, మెడిసిన్ సంగతి వేరు. అక్కడ కథ నడిపించింది కోర్టులు.

1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు ఇచ్చింది, అది మన ఆంధ్రప్రదేశ్ మీద వేసిన కేసే. ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్ అన్నారు. ఫ్రీ సీటు అంటే మెరిట్ మీద వచ్చినవాడు ప్రభుత్వ కాలేజీలో కట్టేంత ఫీజే కడతాడు, ఆ లోటు పేమెంట్ సీటు వాడి డబ్బుతో పూడుతుంది. అంటే పక్క బెంచీ వాడు మనవాడి ఫీజు కూడా కడుతున్నాడన్నమాట. అందులోనూ తిరకాసు ఉంది. మంచి ర్యాంకులు ఎక్కువగా కోచింగులు తీసుకున్న పట్నం పిల్లలకే వచ్చేవి, కాస్త వెనకబడ్డ పల్లెటూరి పిల్లాడు పొలం అమ్మి పేమెంట్ సీటు కొనుక్కుంటే, ఆ డబ్బుతో డాక్టరుగారి అబ్బాయి ఫ్రీగా చదివేవాడు. 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది జడ్జీల ధర్మాసనం ఈ పద్ధతిని కొట్టేసింది. ఒకడి ఫీజు ఇంకొకడు ఎందుకు కట్టాలి, ఏ కాలేజీ ఖర్చును బట్టి ఆ కాలేజీ ఫీజు పెట్టుకోనివ్వండి, లాభాపేక్ష, క్యాపిటేషన్ ఫీజు (సీటు కోసం గుంజే డొనేషన్) మాత్రం కుదరదు అని ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో ప్రతి రాష్ట్రంలోనూ రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన ఫీజుల కమిటీలు వచ్చాయి, మన ఏఎఫ్ఆర్‌సీ (అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ) పుట్టుక అక్కడే. 2005లో ఇనామ్‌దార్ కేసులో ఏడుగురు జడ్జీలు మిగిలిన ముడులు కూడా విప్పారు.

న్యాయంగా చూస్తే తీర్పులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ దాంతో ఫ్రీ సీటు పోయింది. కన్వీనర్ కోటాలో, అంటే సర్కారు కౌన్సెలింగ్‌లో, ర్యాంకు మీద సీటు తెచ్చుకున్నా ముప్పై వేల చుట్టూ ఫీజు కట్టాల్సిందే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అండగా ఉంది, ఎస్సీలకైతే అది 1944 నుంచీ ఉన్న కేంద్ర పథకం. బీసీ, ఓసీ పేదలకు అంత అండ లేదు. ఆ ఖాళీలోకే 2008 ప్రాంతంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను తెచ్చింది. ముందు బీసీలకు, తర్వాత ఈబీసీలకు (ఓసీల్లోని పేదలకు) కూడా. అర్హత ఉన్న వాళ్ళందరికీ ఇస్తాం, ఇంతమందికే అన్న పరిమితి లేదు అన్నారు. ఒకప్పుడు పక్క బెంచీ వాడు కట్టినదాన్ని ఇప్పుడు ఖజానా కట్టడం మొదలుపెట్టింది.

తర్వాత ఏమైందో ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ బస్సులో తిరిగిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇబ్రహీంపట్నం రోడ్డు, ఘట్‌కేసర్, మేడ్చల్, ఎటు చూసినా పొలాల మధ్యలో నాలుగంతస్తుల బిల్డింగు, దాని మీద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అని బోర్డు. గుంటూరు, విజయవాడ వైపు కూడా ఇంతే. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా చేరాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గమనించాలి. ఆ రోజుల్లో కన్వీనర్ కోటా ఫీజు పెద్దగా పెరగలేదు. అన్ని కాలేజీల్లోనూ ఒకే ఫీజు, అది పెంచాలంటే కమిటీ పెంచాలి. ధర కదలనప్పుడు, ఎంతమందినైనా పంపండి డబ్బు మేమిస్తాం అని సర్కారు అంటే వ్యాపారం చేసేవాడు ఏం చేస్తాడు? సీట్లు పెంచుతాడు. మన దగ్గర సాయం మొదట ఉబ్బించింది ఫీజుల్ని కాదు, కాలేజీల లెక్కను.

సీట్లు పెరిగాక పిల్లలు కావాలి. అప్పుడు పీఆర్వోలు అనే జాతి పుట్టింది. ఇంటర్ రిజల్ట్స్ రాకముందే ఇంటికొచ్చేవాళ్ళు, మీ వాడి హాల్ టికెట్ నంబర్ ఇవ్వండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి, ఆప్షన్లు మేమే పెట్టేస్తాం, బస్సు ఫ్రీ, హాస్టల్‌కు సగమే, పుస్తకాలు మేమిస్తాం అని. ఒక్కో పిల్లాడిని చేర్పిస్తే పీఆర్వోకు ఇంత అని కమీషన్. లెక్చరర్లకు కూడా ఇంతమందిని తీసుకురండి అని టార్గెట్లు పెట్టిన కాలేజీలు ఉన్నాయి. ఇదంతా జరగడానికి కారణం ఒక్కటే, పిల్లాడు తన జేబులోంచి ఫీజు కట్టడం లేదు. కడుతుంటే ఈ కాలేజీకి 30 వేలు ఎందుకు, ఐదు వేలు తగ్గించండి అని అడిగేవాడు. ఇక్కడ ఎవడూ ఫీజు తగ్గించి పిల్లల్ని రప్పించుకోవాల్సిన పని లేదు. ఫీజు సర్కారు నుంచి పూర్తిగా వసూలు చేసి, అందులోంచే ఫ్రీ బస్సు రూపంలో కొంత పిల్లాడికి, కమీషన్ రూపంలో కొంత పీఆర్వోకు పంచిపెడితే సరిపోతుంది.

ఇక 35 వేల దగ్గరికి వద్దాం.

2012లో కథ మలుపు తిరిగింది. ఒకే ఫీజు పద్ధతి కోర్టుల్లో నిలబడక, ఏ కాలేజీ ఫీజు దానికే అన్నది అమల్లోకి వచ్చింది. ఖర్చుల లెక్కలు చూపించిన పెద్ద కాలేజీల ఫీజులు ఎక్కడికో వెళ్ళాయి, హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలు లక్ష కూడా దాటాయి. ఇంత మేము కట్టలేం అని సర్కారు ఒక గీత గీసింది. ఎస్సీ, ఎస్టీలకు ఎంత ఫీజు ఉంటే అంతా ఇస్తాం, బీసీ, ఈబీసీల్లో పది వేల లోపు ర్యాంకు వస్తే పూర్తిగా ఇస్తాం, అది దాటితే 35 వేల దాకానే. చాలా కాలేజీలు ఆడిట్ లెక్కలు చూపించే గొడవంతా మనకెందుకని ఆ 35 వేలకే ఒప్పేసుకున్నాయి.

ఇందులో కిటుకు ఏమిటంటే, 35 వేలు అనేది సర్కారు లెక్కలో గరిష్ఠం. కాలేజీల లెక్కలో అదే కనిష్ఠం అయిపోయింది. సర్కారు 35 ఇస్తానని చెప్పాక 28 వేలు చాలు అనే యాజమాన్యం ఎక్కడైనా ఉంటుందా? నలుగురు లెక్చరర్లతో, పని చేయని కంప్యూటర్లతో నడిచే కాలేజీకి నిజంగా అయ్యే ఖర్చు అంత ఉండకపోవచ్చు, అయినా దాని ఫీజూ 35 వేలే. సాయం వల్ల ఫీజు పెరిగిందా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది: పై కాలేజీల్లో దానివల్ల పెరగలేదు, కింది కాలేజీల్లో తగ్గాల్సింది తగ్గలేదు.

పై కాలేజీల ఫీజు ఎలా పెరుగుతుందో కూడా చూద్దాం, అదేదో రహస్యం కాదు. మూడేళ్ళకోసారి, దాన్ని బ్లాక్ పీరియడ్ అంటారు, కాలేజీ తన ఆడిట్ లెక్కలు కమిటీకి ఇస్తుంది. జీతాలు, మెయింటెనెన్స్, ల్యాబులు అన్నీ కలిపి ఏడాదికి 10 కోట్లు ఖర్చు, సీట్లు 1,000 అనుకుంటే తలకు లక్ష. దాని మీద ధరల పెరుగుదలకు కొంత, భవిష్యత్తులో అభివృద్ధికి కొంత కలుపుతారు. చూశారు కదా, ఖర్చు ఎంత ఎక్కువ చూపిస్తే ఫీజు అంత ఎక్కువ. పొదుపుగా నడిపిన కాలేజీకి శిక్ష, దుబారాగా నడిపినవాడికి బహుమానం. చూపించిన జీతాలు నిజంగా లెక్చరర్ల చేతికి అందాయా లేదా అన్నది ఎప్పటికీ తెగని గొడవ. అకౌంట్లో పడిన జీతంలో సగం నగదుగా వెనక్కి తీసుకునే యాజమాన్యాల గురించి ఏ లెక్చరర్‌ను అడిగినా చెబుతారు, పేరు మాత్రం రాయొద్దంటారు. 2022లో తెలంగాణ కమిటీ ఇలా లెక్కలు చూసి కనిష్ఠ ఫీజును 45 వేలకు, గరిష్ఠాన్ని 1.60 లక్షలకు చేర్చింది. రీయింబర్స్‌మెంట్ గీత మాత్రం అక్కడే, 35 వేల దగ్గరే ఉంది.

2012 నుంచి ఇప్పటికి ధరలు దాదాపు రెట్టింపు అయ్యాయి. అప్పటి 35 వేలతో కొన్నదాంట్లో ఇప్పుడు సగమే వస్తుంది. కాబట్టి సర్కారు జీవో మీద ఒక్క అక్షరం మార్చకుండానే తన సాయాన్ని సగానికి కోసేసింది. పెద్ద గొడవేమీ కాలేదు, ఎందుకంటే కోత ఎక్కడా కనిపించదు.

ఆ పది వేల ర్యాంకు గీత అయితే మరీ దారుణం. 10,000 ర్యాంకు బీసీ పిల్లాడికి 1.60 లక్షల ఫీజు ఉన్న కాలేజీలో సీటొస్తే మొత్తం సర్కారే కడుతుంది. 10,001 ర్యాంకు వాడికి 35 వేలు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఒక్క ర్యాంకు తేడాకు ఏడాదికి 1.25 లక్షలు, నాలుగేళ్ళకు 5 లక్షలు. ఊళ్ళలో అర్హత ఆదాయ పరిమితే ఏడాదికి లక్షన్నర. లక్షన్నర లోపు సంపాదించే కుటుంబం ఏటా లక్షా పాతిక వేలు కడుతుందని ఏ లెక్కన అనుకున్నారో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. అందుకే ఎక్కువ మంది కట్టరు. తక్కువ ఫీజు కాలేజీని ఎంచుకుంటారు, అంటే దాదాపుగా తక్కువ చదువునే ఎంచుకుంటారు. మంచి కాలేజీలో సీటు వచ్చే ర్యాంకు ఉండి కూడా డబ్బు లేక ఇంకో కాలేజీకి వెళ్ళిన పిల్లలు ఎంతమందో ఏ పథకం రిపోర్టులోనూ కనిపించరు.

ఆంధ్రప్రదేశ్ దీనికి ఇంకో దారి పట్టింది. 2020లో జగన్ ప్రభుత్వం విద్యాదీవెన పేరుతో కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళందరికీ పూర్తి ఫీజు ఇస్తామంది. మొత్తం ఇస్తామని ఒప్పుకున్నాక సర్కారుకు ఫీజు ఎంత అన్నది సొంత ఇంటి ఖర్చు అయింది, దాంతో చూపు మారింది. 2019లోనే పెట్టిన ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ ఇంజనీరింగ్ గరిష్ఠ ఫీజును 70 వేల దగ్గర కట్టేసింది. హైదరాబాద్‌లో అదే స్థాయి కాలేజీ లక్ష దాటి తీసుకుంటున్న రోజులవి. రెండు రాష్ట్రాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణలో పది వేలు దాటిన ర్యాంకుల విషయంలో సర్కారు బాధ్యత 35 వేల దగ్గర ఆగిపోతుంది, ఫీజు లక్ష అయినా లక్షన్నర అయినా ఆ మేరకు ఖజానాకు నొప్పి లేదు. ఆంధ్రలో పెరిగే ప్రతి రూపాయి ఖజానాకే తగులుతుంది, అందుకే ఫీజు గొంతు నొక్కారు. అలా నొక్కితే మా కాలేజీల నాణ్యత చచ్చిపోతుందని యాజమాన్యాలు కోర్టులకు వెళ్ళాయి. అందులో కొంత నిజం కూడా ఉంది, 70 వేలతో మంచి ల్యాబు, మంచి పీహెచ్‌డీ లెక్చరర్లు కష్టమే.

ఆంధ్రలో జరిగిన ఇంకో ప్రయోగం, డబ్బును కాలేజీకి కాకుండా తల్లి ఖాతాలో వేయడం. తల్లి స్వయంగా వెళ్ళి ఫీజు కడితే కాలేజీని నిలదీసే హక్కు వస్తుందన్నారు. ఆలోచన నాకు నచ్చింది, ఈ మాట అన్నందుకు ఎవరేమనుకున్నా సరే. కానీ విడతలు ఆలస్యమైతే కాలేజీ ఆ తల్లినే నిలదీయడం మొదలుపెట్టింది, వచ్చిన డబ్బు ఇంట్లో వేరే అవసరానికి ఖర్చయిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఈ పద్ధతిని తప్పుబట్టి డబ్బు కాలేజీలకే ఇవ్వాలంది, ఆ కోర్టు గొడవల మధ్యే పథకం నడిచింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీల ఖాతాలకే మార్చారు.

ఈ చర్చ మన దగ్గరే కాదు. 1987లో అమెరికా విద్యాశాఖ మంత్రి విలియం బెన్నెట్, మనం సాయం పెంచే కొద్దీ కాలేజీలు ధైర్యంగా ఫీజులు పెంచుకుంటున్నాయని పత్రికలో రాశాడు. అప్పటి నుంచి ఆర్థికవేత్తలు దాని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. తర్వాత నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, స్టెఫనీ సెల్లినీ కలిసి 2014లో చూపించింది ఏమిటంటే, లాభం కోసం నడిచే కాలేజీల్లో ఫెడరల్ సాయానికి అర్హత ఉన్నవి, అలాంటి కోర్సులే చెప్పే అర్హత లేనివాటి కన్నా దాదాపు 78 శాతం ఎక్కువ ఫీజు తీసుకుంటున్నాయి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు 2015లో, రాయితీ రుణం డాలరు పెరిగితే ఫీజు 65 సెంట్ల దాకా పెరుగుతోందన్నారు. అక్కడి ప్రభుత్వ కాలేజీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ప్రభావం అంతగా దొరకదు. ఇదంతా తెచ్చి అచ్చంగా మనకు అంటించకూడదు, అక్కడ ఫీజు కాలేజీ ఇష్టం, ఇక్కడ కమిటీ చెప్పాలి. కమిటీ ఉండటం వల్లే మన దగ్గర అదే ఒత్తిడి ఫీజు కాలమ్‌లో కాకుండా వేరే కాలమ్‌లలో తేలుతుంది: స్పెషల్ ఫీజు, ఎన్‌బీఏ (కోర్సు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఫీజు, యూనివర్సిటీ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, బస్సు. మేనేజ్‌మెంట్ కోటా (యాజమాన్యం తనే నింపుకునే సీట్లు) డొనేషన్‌కైతే రసీదే ఉండదు. కాగితం మీద కన్వీనర్ కోటాకూ మేనేజ్‌మెంట్ కోటాకూ ఒకటే ఫీజు, ఎన్నారైలకు వేరే. 1983 నుంచీ క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం కూడా ఉంది. అయినా సీఎస్ఈ సీటు ఎంత పలుకుతోందో జూన్‌లో కూకట్‌పల్లిలో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు.

ఆ కమిటీ పట్టు నుంచి పూర్తిగా జారిపోయే దారి కూడా ఉంది, అది ప్రైవేటు యూనివర్సిటీ అయిపోవడం. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక కొన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఆ బోర్డు పెట్టేసుకున్నాయి, అక్కడ రీయింబర్స్‌మెంట్ లేదు, ఫీజు వాళ్ళిష్టం. ఆంధ్ర మాత్రం 2021 నుంచి ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో పెట్టించి వాటికి రీయింబర్స్‌మెంట్ ఇస్తోంది. బాగా నడిచే కాలేజీకి సర్కారు సాయం ఆదాయం కాకుండా సంకెలలా కనిపించే రోజు వస్తే అది వెళ్ళిపోతుంది, సాయం మీదే బతికేవి మిగులుతాయి.

అసలు ఆ సాయం వస్తేగా అంటారా, అదీ నిజమే.

రీయింబర్స్‌మెంట్ అనే మాటలోనే ఉంది, ముందు ఎవరో కట్టాలి, తర్వాత సర్కారు ఇవ్వాలి. ఆ తర్వాత ఎంత తర్వాత అన్నదే ప్రశ్న. ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు. తెలంగాణలో బిల్లు పాసైందని టోకెన్ ఇస్తారు, టోకెన్ పట్టుకుని ఎదురుచూడాలి. 2025 నవంబరులో బకాయిల కోసం అక్కడి ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు తాళాలే వేశాయి, కొంత ఇస్తాం మిగతాది చూస్తాం అన్న హామీ మీద తెరిచాయి. అదే ఏడాది కొత్త బ్లాక్ ఫీజులు ఖరారు చేయకుండా సర్కారు పాత ఫీజులే కొనసాగించింది. పాత ఫీజు బాకీలే తీర్చలేనివాడు కొత్త ఫీజు ఎలా ఒప్పుకుంటాడు? సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేసినా 2024లో తెలంగాణ సర్కారు సీఎస్ఈ సీట్లు పెంచడానికి మొరాయించిందంటే అందులోనూ ఈ భయం ఉంది, పెరిగే ప్రతి కన్వీనర్ సీటూ ఇంకో బిల్లు.

ఆలస్యానికి కూడా ఒక ధర ఉంటుంది, అది ఎవరో ఒకరు కట్టాలి. పెద్ద కాలేజీకి మేనేజ్‌మెంట్ కోటా డబ్బు ఉంటుంది, తట్టుకుంటుంది. చిన్న కాలేజీ మొదట చేసే పని లెక్చరర్ల జీతాలు ఆపడం. ఆరు నెలల జీతం బాకీ ఉన్న లెక్చరర్లు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు, వాళ్ళలో ఒకాయన సాయంత్రం డెలివరీ బాయ్‌గా చేశాడు. రెండో పని పిల్లాడి సర్టిఫికెట్లు పట్టుకోవడం. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఎవరు విన్నారు? మా పిన్ని కూతురు 2023లో బీటెక్ అయిపోగానే ఉద్యోగం తెచ్చుకుంది, కంపెనీ వాళ్ళు వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ అడిగారు. కాలేజీకి వెళితే చివరి రెండేళ్ళ రీయింబర్స్‌మెంట్ రాలేదు, 70 వేలు కట్టి తీసుకెళ్ళండి, సర్కారు ఇచ్చాక వెనక్కి ఇస్తాం అన్నారు. పిన్ని గొలుసు బ్యాంకులో పెట్టి కట్టింది. ఆ డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో స్టేటస్ చూస్తే మాత్రం ఒక ఏడాదిది శాంక్షన్ అయినట్టే కనిపిస్తోంది.

మామ కొడుకు చివరికి ఆ లక్షా పది వేల కాలేజీకి ఆప్షన్ పెట్టలేదు. 45 వేల ఫీజు కాలేజీలో చేరాడు, పైన పది వేలే కదా అన్నాడు మామ. చేరిన వారానికి వాట్సాప్‌లో రసీదు ఫోటో పంపాడు. ట్యూషన్ ఫీజు తేడా పది వేలు, స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, ఎన్‌బీఏ, ఐడీ కార్డు, ట్రైనింగ్, బస్సుకు 28 వేలు, కలిపి 50 వేలు దాటింది. దాంతోపాటు వంద రూపాయల స్టాంపు పేపర్ ఒకటి ఉంది. సర్కారు నుంచి రావాల్సిన 35 వేలు ఏ కారణం చేతనైనా రాకపోతే ఆ మొత్తం మేమే కడతామని దాని మీద రాసుంది. "ఇది అందరి దగ్గరా తీసుకుంటున్నారురా అల్లుడూ, ఊరికే ఫార్మాలిటీ అంట" అన్నాడు మామ. అప్పటికే సంతకం పెట్టేసి వచ్చాడు.